పట్టుకున్న చేతి సంగతి

"ఒక్క నిమిషం" అంటూ ఫిజియోథెరపిస్ట్ మేడమ్ మసాజర్ పక్కన పెట్టేసి వేళ్లు విదిలించుకున్నారు. పేషెంట్ నడుముకి హాయిగానే ఉందట. తిమ్మిరెక్కింది ఆవిడ చెయ్యి.

మేం తయారుచేస్తున్న ఈ మసాజర్ నమూనా నిమిషానికి 2400 దెబ్బలు కొడుతుంది, అంటే సెకనుకు 40. లోపల పిస్టన్ ముందుకెళ్లినప్పుడల్లా మెషిన్ బాడీ వెనక్కి తంతుంది. ఆ తన్నంతా పిడిలోకే.

పిడికి మెత్తటి తొడుగు వేస్తే చాలనుకుంటారు చాలామంది. ఇంత నెమ్మదిగా వచ్చే అదురుని పల్చటి రబ్బరు పెద్దగా ఆపలేదు. పిస్టన్‌కి ఎదురుగా కదిలే బరువు పెట్టాలి. పిడిని బాడీ నుంచి విడదీసి, మధ్యలో అదురుని తగ్గించే చిన్న దిమ్మల్లాంటి రబ్బరు బుష్‌ల మీద నిలబెట్టాలి. బుష్ మరీ మెత్తనైతే మసాజర్ తల ఊగిపోయి, నొప్పి ఉన్న చోట ఆనదు. ఆ మెత్తదనం ఎంత ఉండాలో తేల్చడమే అసలు పని, నాకెంతో ఇష్టమైన పని కూడా.

యూరప్‌లో 2002 నాటి నిబంధన ఒకటుంది. ఎనిమిది గంటల లెక్కన చేతికి అందే కంపనం 2.5 మీటర్/సెకను² దాటితే యజమాని చర్యలు తీసుకోవాలి. అది డ్రిల్లింగ్ మెషిన్ పట్టేవాళ్ల కోసమే అనుకుంటాం. ఇంట్లో కాసేపు వాడేవాళ్ల మాట వేరు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వరసగా పేషెంట్లను చూసే ఆవిడది?

రేపటి టెస్టులో కంపనాన్ని కొలిచే సెన్సర్‌ని పిడి మీద, సరిగ్గా ఆవిడ పట్టుకునే చోటే బిగించమన్నాను.