ముసురులో తలంటు

శ్రావణం, ఆదివారం.

రాత్రంతా ముసురు. మొదటి వానకి పెంకుల మీద దుమ్మంతా కొట్టుకుపోయాక అమ్మ చూరు కింద గుండిగ పెట్టింది, పొద్దున్నకి నిండింది. తలంటుకి వాననీళ్ళు దొరికితే నాకు ఆ రోజు పండగే. సముద్రానికి దగ్గర ఊరు కదా, మా బోరు నీళ్ళు ఉప్పన. వేసవిలో కాలువలు కట్టేశాక వాటితోనే స్నానాలు. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం వెంట్రుకల మీద పేరుకుని జుట్టు బిరుసెక్కుతుంది. సాఫీ జుట్టు వాళ్ళు ఎలాగో నెట్టుకొస్తారు. రింగుల జుట్టు అసలే పొడిబారే రకం. మాడు మీద ఊరే నూనె సాఫీ వెంట్రుక మీద సులువుగా కిందికి జారుతుంది గానీ, మెలిక మెలికకీ ఆగిపోతుంటే కొసల దాకా ఏం చేరుతుంది?

కిందటేడు చిన్న తిరుపతిలో తలనీలాలు ఇచ్చాకే నా రింగులు నాకు కనిపించాయి. అంతకు ముందు నడుం దాకా జడ. ఆ బరువుకి, బిగించి అల్లడానికి రింగులు సాగిపోయి ఏదో కాస్త అలలుగా ఉండేవి. గుండు మీద కొత్త జుట్టు వస్తుంటే చెవి పక్కన మొదటి రింగు తిరిగింది. చూపుడువేలు దూరిస్తే సరిగ్గా పట్టేంత. అది చూసుకుని ఎంత సంబరపడ్డానో! ఇంట్లో, వీధిలో మాత్రం అందరిదీ ఒకటే మాట: “జడ ఎప్పటికొస్తుందమ్మా?” జుట్టు నెలకి సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. రింగుల్లో ఆ కాస్తా చుట్టుకుపోయి కంటికి ఆనదు. వాళ్ళ లెక్కలో నాది ఇంకా జడ కాని జుట్టు. నాకు మాత్రం ఇదే నా జుట్టు, దేనికోసమూ ఎదురుచూడటం లేదు. చెవుల కిందికి దిగగానే కొసలు కత్తిరించేసుకుంటున్నాను.

కుంకుడుకాయలు నిన్న రాత్రే కొట్టి, గింజలు తీసేసి, పెచ్చులు వేడినీళ్ళలో నానేశాను. పొద్దున్న పిసికితే బెల్లం రంగు రసం, గిన్నె అంచు దాకా నురగ. ఈ రసాన్ని పలచటి గుడ్డలో వడకట్టి తీరాలి. పిప్పి రింగుల్లో ఇరుక్కుందంటే సాయంత్రం దాకా రాలుతూనే ఉంటుంది. ఉప్పు నీళ్ళలో సబ్బు తెల్లగా తెట్టు కడుతుంది, కుంకుడు కట్టదు, అందుకే మా వైపు దానికి ఇంత విలువ. అయితే కుంకుడు జిడ్డుతో పాటు తేమనీ లాగేస్తుంది. దాని వెనకే మందారాకు పడాలి. దొడ్లో ఒంటిరెక్క మందారం ఆకులు నూరి, ఆ జిగురు తలకి పట్టించి, జుట్టు ఇంకా జారుతున్నప్పుడే పెద్దపళ్ళ దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీశాను. ఆరిన రింగుల మీద దువ్వెన పెట్టకూడదు. పెడితే రింగులు విడిపోయి, జుట్టంతా పొంగి కూర్చుంటుంది.

తర్వాత అవిసె గింజల జిగురు. 2 చెంచాల గింజలు 2 కప్పుల నీళ్ళలో సన్నటి సెగ మీద కలుపుతూ ఉంటే కాసేపటికి నీళ్ళు గుడ్డు తెల్లసొనలా సాగుతాయి. అప్పుడే దించి వేడివేడిగా వడకట్టాలి, చల్లారితే గుడ్డలోంచి దిగదు. తడి జుట్టుకి అది రాసి, గుప్పిట్లో పట్టి పైకి నొక్కుతుంటే ఒక్కో పాయా దానంతటదే తిరుగుతుంది. ముందు వైపు నాలుగు పాయలు మాత్రం వేలికి చుట్టి వదిలాను. ఆరబెట్టడానికి తువ్వాలు వాడను, దాని గరుకుకి రింగులు రేగుతాయి. నాన్న పాత పంచె ఉంది, ఉతికి ఉతికి మెత్తబడింది. దాంతో అద్దుకోవడమే, తుడుచుకోవడం కాదు.

ముసురులో జుట్టు ఆరడమంటే మధ్యాహ్నం దాటుతుంది. గాలిలో తేమని వెంట్రుక పీల్చుకుంటుంది. లోపల దాని ఆకారాన్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు తెగి, మళ్ళీ ఇష్టమొచ్చినట్టు కలుస్తాయి. ఎండాకాలం కంటే ఈ రోజుల్లో జుట్టు రేగేది అందుకే. కాబట్టి ఇవాళ జిగురు కాస్త ఎక్కువే రాశాను, ఆరేదాకా తలమీద చెయ్యి వెయ్యలేదు. “తడి తలతో తిరక్కే, జలుబు చేస్తుంది” అని అమ్మ రెండు గదుల అవతల నుంచి. ఆరాక జిగురు పెళుసుగా గట్టిపడింది. అరచేతిలో రెండు చుక్కల కొబ్బరినూనె రుద్దుకుని రింగుల్ని మెల్లగా నలిపితే ఆ పెళుసుతనం పోయి మెత్తటి రింగులు మిగిలాయి.

నూనె దగ్గర మాత్రం అమ్మకీ నాకూ పడదు. రోజూ మాడు తడిసేలా పెట్టాలంటుంది. నేను తలంటుకి ముందు రాత్రి పెడతాను. కురిడీ ఆడించిన గానుగ నూనె, అంబాజీపేట నుంచి బావగారు తెచ్చేది. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి ఇంకుతుంది. తలంటులో వెంట్రుక నీళ్ళు తాగి మరీ ఉబ్బిపోకుండా ఆపుతుంది, మాంసకృత్తులు కొట్టుకుపోవడమూ తగ్గుతుంది. ముందే పెట్టడంలో ఉన్న లాభం అదీ.

సాయంత్రం అన్నయ్య కూతురు వచ్చి ఒళ్ళో తల పెట్టింది. “అత్తా, నాక్కూడా నీలా తిప్పవా?” దానివీ నా రింగులే. బడికి రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టాలని రూలు, వదిన పొద్దున్న హడావుడిలో లాగి అల్లుతుంది. నుదుటి అంచున, చెవుల పైన జుట్టు పలచబడుతోంది. వేలితో చూపించాను. అలాగే లాగుతూ పోతే కొన్నాళ్ళకి కుదుళ్ళు దెబ్బతిని అక్కడ జుట్టు రావడమే మానేస్తుందని చెప్పాను. వదిన కంగారుపడింది. కంగారుపడే పనే మరి. రేపటి నుంచి ముందు వైపు వదులుగా అల్లుతానంది. మిగిలిన జిగురంతా చిన్నదాని తలకే పట్టింది, అద్దం ముందు నుంచి కదిలితే ఒట్టు.

దసరా సెలవుల్లో దానికీ చెవుల దాకా కత్తిరిద్దామంటే వదిన సరేనంది. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.