జట్కా చక్రం, టీ బల్ల
తెనాలిలో మా తాతయ్య నడిపిన జట్కా పశువుల కొట్టంలో ఏళ్ల తరబడి పడి ఉండగా, చెదలు తినగా మిగిలిన ఒక చక్రాన్ని గత నెల హైదరాబాదులోని మా ఇంటికి తెచ్చి, దానిపై గుండ్రటి గాజు పలక పరిచి టీ బల్లగా మార్చుకున్నాను. చక్రం నడిమి కుండ, అంటే ఇరుసు దూరే లావాటి చెక్క దిమ్మ, పైకి పొడుచుకొని ఉన్నందున గాజు కింద చిన్న చెక్క దిమ్మలు అమర్చవలసి వచ్చింది. చక్రం అంచు చుట్టూ ఉన్న ఇనుప పట్టాను ఊడదీద్దామని వడ్రంగి అన్నప్పుడు మాత్రం నేను ఒప్పుకోలేదు. ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్లు పోసి చల్లార్చగా బిగుసుకున్న ఆ పట్టాయే కదా, కుండ నుంచి అంచుకు సాగే 12 ఆకులనూ (చెక్క కడ్డీలను) చెదరకుండా పట్టి ఉంచుతున్నది! అయినా అతడు పాత ఆకుపచ్చ రంగునంతా గరుకు కాగితంతో గీకేశాడు, అది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. ఇరుసు రంధ్రంలో గడ్డకట్టిన నల్లటి కందెనను మాత్రం తుడవనివ్వలేదు. టీ కప్పు పెట్టేటప్పుడు గాజులోంచి అది కనిపిస్తుంది.