కర్త ఎవరు?

మా అమ్మ యాత్రల చిట్టాలో అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం ఎప్పుడో చేరిపోయాయి. మోకాళ్ళు బాగున్న రోజుల్లో శివరాత్రికి మహేంద్రగిరి కూడా ఎక్కి వచ్చింది. కిందటి కార్తీకంలో ఒడిశాలోని మోహన అనే ఊరి దగ్గర కొండల్లోని ఒక శ్మశానం ఆ చిట్టాలోకెక్కింది. ఓ క్యాథలిక్ ఫాదర్ గారి భూస్థాపనకు వెళ్ళి, మట్టి వేసి, అన్నం తిని వచ్చాం. అమ్మ దాన్ని యాత్ర అనే అంటుంది. కాదనడానికి నాకు నోరు రాదు.

మాది పర్లాకిమిడి, బట్టల కొట్టు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకుని ఒడిశాలో లేచామని తాతగారు చెప్పేవారు. కొట్టు మాత్రం అక్కడే ఉంది. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఆంధ్రా. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, సంత రోజున సవర. ఫాదర్ గారు పుట్టింది కేరళలో అయినా ఈ మూడూ గడగడా మాట్లాడేవారు. ఏటా తన హాస్టల్లో చేరదీసిన పిల్లల చొక్కాలకు నీలి చారల గుడ్డ మా దగ్గరే తీసుకునేవారు, తానులకు తానులు. డబ్బు విడతలవారీగా ఇచ్చేవారు. బేరం మాత్రం ముందే, గట్టిగా ఆడేవారు.

బరంపురం ఆసుపత్రిలో పోయారని రాత్రి కబురొచ్చింది. తెల్లారగట్ల బొలెరో మాట్లాడుకుని బయల్దేరాం. అమ్మ, నేను, ఆ చొక్కాలు కుట్టే మా వీధి టైలరు, పాతపట్నం విచారణ (అంటే అక్కడి చర్చి పరిధి) నుంచి ముగ్గురు ఆడవాళ్ళు. వాళ్ళు బండి కదిలినప్పటి నుంచి జపమాల చెబుతూనే ఉన్నారు. అమ్మ మధ్యమధ్యలో "నారాయణ" అంటోంది. ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

రామగిరి దాటాక ఘాట్ మొదలైంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఈ కొండల మీద పడ్డప్పుడు విరిగిన చరియల గుర్తులు కొన్నిచోట్ల ఇంకా కనిపిస్తాయి. గజపతి జిల్లాలోనే బరఘర దగ్గర, వానకు భయపడి గుహలో తలదాచుకున్నవాళ్ళ మీద కొండ విరిగిపడింది. తుపాను వెలిశాక ఫాదర్ గారు మా కొట్టుకొచ్చారు. బురద మోకాళ్ళ దాకా ఉంది. చారల గుడ్డ ఊసే ఎత్తలేదు, దుప్పట్లు ఎన్నున్నాయని అడిగారు. ఉన్నవన్నీ వేసుకుపోయారు. ఆ పూట మాత్రం బేరం లేదు.

ఆర్. ఉదయగిరి దగ్గర టీ తాగుతుంటే అమ్మకు అనుమానం వచ్చింది.

"ఒరే, ఆయనకి పెళ్ళీ పెటాకులూ లేవు కదా. మరి కర్త ఎవుల్రా?"

"బిషప్ గారు ఉంటారు కదమ్మా," అన్నాడు టైలరు.

"ఆయన మంత్రం సెప్పేవోడు. కర్త ఎవులు అని అడుగుతున్నాను."

జపమాల ఆడవాళ్ళలో పెద్దామె, "మాలో తలకొరివి ఉండదు పిన్నిగారూ, మట్టి వేస్తాం," అంది. మొదటి పిడికిలి ఎవరిదని అమ్మ మళ్ళీ అడిగింది. దానికి ఎవరూ సమాధానం చెప్పలేదు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

మోహన దాటితే మొక్కజొన్న ఊళ్ళు. పెరళ్ళలో కంకులు జడల్లా కట్టి వేలాడదీశారు. చంద్రగిరి వైపు 1963లో వచ్చి స్థిరపడ్డ టిబెటన్లు ఉంటారు. జీరంగ్‌లో 2010లో ప్రారంభమైన పెద్ద బౌద్ధ విహారం వాళ్ళదే. మేం వెళ్ళేసరికి మెరూన్ రంగు బట్టల్లో నలుగురు భిక్షువులు చర్చి వరండాలో కూర్చుని ఉన్నారు. వాళ్ళ పక్కనే సవర పెద్దలు. అమ్మ వాళ్ళందరికీ ఓ నమస్కారం పెట్టేసి చెప్పులు విప్పింది.

లోపల శవపేటిక మూత తీసి ఉంది. ఫాదర్ గారికి పూజ వస్త్రాలు వేశారు. తల బలిపీఠం వైపు, కాళ్ళు జనం వైపు ఉన్నాయి. నా చూపు గమనించి ఒక సిస్టర్ చెప్పింది: మామూలు విశ్వాసుల్ని కాళ్ళు పీఠం వైపు ఉండేలా పడుకోబెడతారట. గురువు, అంటే ఫాదర్, బతికినన్నాళ్ళూ జనానికి ఎదురుగా నిలబడినవాడు గనక ఇప్పుడూ ఎదురుగానే ఉంచుతారట. పక్కన పాస్కా (ఈస్టర్) క్రొవ్వొత్తి వెలుగుతోంది. మూత వేశాక పైన పెట్టడానికి సువార్త గ్రంథం, ఆయన పూజపాత్ర సిద్ధంగా ఉంచారు.

వరసలో నా ముందు ఒక అమ్మాయి ఉంది. విశాఖలో నర్సట, ఈ హాస్టల్లోనే పెరిగింది. పేటిక దగ్గర ఆగి, వంగి చూసి, "పాపిడి ఇటు కాదు," అంది తెలుగులో, ఎవరితోనో తెలియదు. బ్యాగులోంచి దువ్వెన తీసింది. సీసాలో నీళ్ళు వేళ్ళ మీద వంచుకుని ఆయన జుట్టు తడిపింది. ఎడమచేతిని నుదుటికి అడ్డుపెట్టి కుడివైపు తీసిన పాపిడిని చెరిపి ఎడమవైపు తీసింది. పల్చటి తెల్ల జుట్టు, ఒకపట్టాన నిలవలేదు. ఓ చుక్క చెవి మీదికి జారితే చున్నీ కొసతో అద్దింది. వెనక వరస ఆగిపోయింది. చర్చిలో జపాలు నేర్పే ఉపదేశి దగ్గినా ఆ పిల్ల తొందరపడలేదు. పని అయ్యాక దువ్వెన బ్యాగులో వేసుకుని పక్కకు జరిగింది.

పూజ పొడుగ్గానే సాగింది. పాటలు ఒడియాలో, సవరలో, చివర్లో ఒకటి మలయాళంలో. ప్రసంగంలో నాకు నచ్చింది ఒక్క ముక్క. బరంపురం మేత్రాసనం (బిషప్ గారి పరిధి) ఏర్పడింది 1974లో, దాదాపు అప్పుడే ఈయన కొత్త గురువుగా ఈ కొండలెక్కారు. అప్పట్లో బ్రెయిన్ మలేరియాకు తల్లీ తండ్రీ ఒకే వానాకాలంలో పోతే, పిల్లల్ని బంధువులే నడిపించుకొచ్చి గుమ్మంలో కూర్చోబెట్టి వెళ్ళేవారట. మిగతా పొగడ్తలు ఎవరి చావులోనైనా వినేవే.

అసలు గొడవ మూత వేశాక మొదలైంది. పేటిక మోయడానికి గురువులు ముందుకొచ్చారు. హాస్టల్ మొదటి బ్యాచ్ మేమంటూ నెరిసిన తలలవాళ్ళు అడ్డుపడ్డారు. సీఆర్‌పీఎఫ్‌లో పనిచేసే ఒకతను యూనిఫారంలో వచ్చాడు, అప్పటికే ఒక పిడి పట్టుకుని వదలడం లేదు. మాకేదీ అని కుర్రాళ్ళు. ఆడపిల్లలు మోయకూడదని ఎవరో అంటే నర్సమ్మాయి గయ్యిమంది. గొంతులు లేచాయి. బిషప్ గారు కూడా నిలబడి చూస్తున్నారు. ఆఖరికి వంటింట్లోంచి ఓ సవర ముసలామె వచ్చింది, చేతికి ఇంకా పసుపు ఉంది. నాలుగు మాటలంది. దారిలో ఎన్ని మలుపులుంటే అన్నిసార్లు భుజాలు మార్చండని. ఆవిడ చెప్పాక ఎవరూ కిక్కురుమనలేదు. ఇంతమందికి అన్నం పెట్టిన చెయ్యి కదా.

బడి పక్క నుంచి, పసుపు చేల గట్టు మీదుగా, మలుపు మలుపుకీ ఆగుతూ వెళ్ళాం. అమ్మ నా చెయ్యి పట్టుకుని నడుస్తూ, "ఇంతమంది కర్తలయితే శవం ఎప్పటికి చేరతాదిరా," అని గొణిగింది. పక్కనున్న సిస్టర్‌కు తెలుగు వచ్చని అప్పుడు తెలిసింది. నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

శ్మశానంలో పాత శిలువల మీద స్పెయిన్ పేర్లున్నాయి. 19వ శతాబ్దంలో విశాఖపట్నం నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభవాళ్ళు (సభ అంటే గురువుల సంఘం) సురడా దాకా వచ్చి పనిచేస్తే, 1922లో స్పెయిన్ నుంచి విన్సెంట్ డి పాల్ సభ గురువులు దిగారు. ఫాదర్ గారిదీ ఆ సభే. 1638 ప్రాంతంలో పారిస్ వీధుల్లో వదిలేసిన పసికందుల్ని చేరదీసే పని ఎత్తుకున్నవాడు ఆ విన్సెంట్. అంగీలో పసిపిల్లను పొదువుకున్న ఆయన పటం హాస్టల్ ఆఫీసులో ఉంది. సెప్టెంబరు 27 ఆయన పండుగ. ఆ ముందు రోజు ఫాదర్ గారు పర్లాకిమిడి వచ్చి పిల్లలకు మిఠాయి కొనుక్కుపోయేవారు.

బిషప్ గారు గోతి మీద తీర్థం చల్లి, సాంబ్రాణి వేసి, మొదటి పిడికిలి మట్టి వేశారు. తర్వాత కేరళ నుంచి వచ్చిన మేనల్లుడు. పాపం, అతనికి అక్కడ ఒక్కరూ తెలియదు. మట్టి వేసి పక్కకు తప్పుకునేలోగా జనం విరుచుకుపడ్డారు. గోతి అంచు జారడం మొదలైంది. ఉపదేశి కేకలేసి అందర్నీ వరసలో నిలబెట్టాడు. పాతపట్నం ఆడవాళ్ళు నిత్య విశ్రాంతి జపం తెలుగులో అందుకున్నారు. అప్పటిదాకా ఏదీ అర్థంకాక నిలబడ్డ అమ్మ ఆ మాటలు విని, వరసలో దూరి, తనూ ఓ పిడికెడు వేసింది.

చావింట్లో మెతుకు ముట్టని మనిషి, అడ్డాకుల విస్తరి ముందు కూర్చుని దాల్మా (కూరగాయల పప్పు) రెండోసారి వేయించుకుంది. ఉప్పు తగ్గిందని కూడా అంది.

భోజనాల దగ్గర హాస్టల్ చూసుకునే కుర్ర ఫాదర్ కాస్త మనసు విప్పారు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చాక ఇలాంటి చోట్లన్నీ ఆరు నెలల్లో రిజిస్టర్ కావాలన్నారు. లెక్కలు తీస్తే నిజంగా ఎవరూ లేని పిల్లలు కొద్దిమందే. చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు, దాదన్ పనికి (అడ్వాన్సు తీసుకుని వలసపోయే కూలికి) కేరళకో హైదరాబాదుకో వెళ్ళినవాళ్ళు. ఇంటికి పంపగలిగిన వాళ్ళను పంపారు, మిగతావాళ్ళు చదువుకునే హాస్టల్లో ఉన్నారు. పెద్ద ఫాదర్ గారికి అది మింగుడుపడలేదట. నాకైతే చట్టం మాట సబబే అనిపిస్తుంది. తల్లి బతికుండగా పిల్లకు అనాథ అని పేరు పెట్టడం ఏం న్యాయం? కానీ పంపిన ప్రతి పిల్లాడి ఊరికీ ఆయన ఆ వయసులో జీపేసుకుని వెళ్ళి చూసి వచ్చేవారని కూడా ఆ కుర్ర ఫాదరే చెప్పారు. అది ఏ చట్టమూ చేయమనలేదు.

బండెక్కబోతుంటే నర్సమ్మాయి వచ్చి, "మీ కొట్లో ఫాదర్ బాకీ ఎంతుంది అన్నయ్యా?" అంది. ఇప్పుడెందుకమ్మా అన్నా వినలేదు. చెప్పాను. అంతకుముందే వరండాలో సీఆర్‌పీఎఫ్ అతను కూడా ఇదే అడిగాడు, అతనికీ చెప్పాను.

రాత్రి ఇంటికొచ్చాక గుమ్మంలోనే మా ఆవిడ నీళ్ళ బకెట్ పెట్టింది. యాత్రకెళ్ళొస్తే స్నానమెందుకని అమ్మ కాసేపు వాదించింది, తర్వాత చలికి వణుకుతూ పోసుకుంది. నేను కొట్టు పుస్తకం తీసేసరికి ఫోన్లో రెండు మెసేజీలు. నర్సమ్మాయి మొత్తం బాకీ వేసేసింది. సీఆర్‌పీఎఫ్ అతనూ మొత్తం బాకీ వేసేశాడు. ఒకరికొకరు చెప్పుకోలేదు. ఎవరిది వాళ్ళకు తిప్పి పంపుతానంటే ఇద్దరూ ఒప్పుకోవడం లేదు, రెండోవాళ్ళకు పంపమంటున్నారు. వేసవి సెలవులయ్యాక బడి తెరిచేలోపు నీలి చారల గుడ్డ రెండు తానులు ఎక్కువ తెప్పించాలి.