ఖాళీ ఉంది, చోటే లేదు: కుబెర్నెటీస్ షెడ్యూలర్ సర్దుబాటు

కుబెర్నెటీస్ అంటే ప్రోగ్రాములను చాలా కంప్యూటర్ల మీద సర్ది నడిపే వ్యవస్థ. అందులో నాలుగు నోడ్ల (కంప్యూటర్ల) క్లస్టర్ అనుకుందాం. ఒక్కో నోడ్‌లో పాడ్లకు, అంటే దాని మీద నడిచే ప్రోగ్రాముల మూటలకు, ఇవ్వగలిగింది 7.5 సీపీయూ. అందులో 5 అప్పటికే రిజర్వ్ అయ్యాయి. అంటే మొత్తం 10 సీపీయూ ఖాళీ. అయినా 3 సీపీయూ అడిగే పాడ్ వస్తే పెండింగ్‌లోనే ఉంటుంది, ఎందుకంటే ఆ పదీ 2.5 చొప్పున నాలుగు చోట్ల చెదిరి ఉన్నాయి. బస్సులో పది సీట్లు ఖాళీగా ఉన్నా, ముగ్గురు కలిసి కూర్చునే వరుస ఒక్కటీ దొరకనట్టు.

ఇది బగ్ కాదు. ఏ పాడ్ ఏ నోడ్‌కి వెళ్లాలో తేల్చే షెడ్యూలర్ ముందు సరిపోని నోడ్లను వడపోస్తుంది, మిగిలినవాటికి మార్కులు వేస్తుంది. మార్కుల్లో డిఫాల్ట్ పద్ధతి లీస్ట్‌అలొకేటెడ్: ఎక్కువ ఖాళీ ఉన్న నోడ్‌కి ఎక్కువ మార్కులు. పనిని అంతటా పలచగా పరుస్తుంది. ఒక నోడ్ పోయినా నష్టం తక్కువగా ఉండాలంటే ఇదే మంచిది. బిల్లు తగ్గాలంటే మాత్రం ఇదే అడ్డు. నోడ్ల సంఖ్యను పెంచి తగ్గించే క్లస్టర్ ఆటోస్కేలర్ ఒక నోడ్‌ని తీసేయాలంటే దాని మీది రిక్వెస్టులు (పాడ్లు ముందే అడిగి రిజర్వ్ చేసుకున్న వాటా) డిఫాల్ట్‌గా 50 శాతం కంటే తక్కువై, 10 నిమిషాల పాటు అలాగే ఉండాలి. అన్నీ సమానంగా 60 శాతం నిండితే ఒక్కటీ ఖాళీ కాదు.

అయితే మార్కుల జోలికి వెళ్లే ముందు రిక్వెస్టులు చూడాలి. నోడ్ మీద నిజంగా ఎంత వాడకం జరుగుతోందో షెడ్యూలర్ చూడదు. దానికి తెలిసింది పాడ్ రాసుకున్న రిక్వెస్టుల మొత్తం మాత్రమే. 2 సీపీయూ అడిగి 0.2 వాడే సర్వీసులు పది ఉంటే, 18 సీపీయూ కాగితం మీదే ఖర్చయిపోయినట్టు. పాడ్ రిక్వెస్టులను వాడకాన్ని బట్టి సరిచేసే వర్టికల్ పాడ్ ఆటోస్కేలర్‌ని ‘ఆఫ్’ మోడ్‌లో పెడితే దేన్నీ మార్చకుండా సిఫారసు మాత్రమే ఇస్తుంది. రెండు వారాలు నడవనిచ్చి ఆ అంకెలు చూడండి. సీపీయూలో కొంచెం తెగించవచ్చు, తక్కువైతే పని నెమ్మదిస్తుంది అంతే. మెమరీలో తెగించకూడదు. నోడ్‌లో అయిపోతే ఏదో ఒక పాడ్ 137 ఎగ్జిట్ కోడ్‌తో చస్తుంది. అందుకే మెమరీకి రిక్వెస్ట్, లిమిట్ (వాడకానికి గరిష్ఠ హద్దు) రెండూ ఒకే అంకె పెట్టడం మేలు.

చాలామంది కంట పడనిది ఇనిట్ కంటెయినర్, అంటే పాడ్‌లోని అసలు ప్రోగ్రాముల (మామూలు కంటెయినర్ల) కంటే ముందు నడిచి ముగిసిపోయేది. పాడ్ రిక్వెస్ట్ లెక్కకట్టేటప్పుడు, మామూలు కంటెయినర్ల మొత్తం ఒకవైపు, ఇనిట్ కంటెయినర్లలో అతి పెద్దది మరోవైపు పెట్టి, ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. డేటాబేస్ మైగ్రేషన్‌కి అర నిమిషం నడిచే ఇనిట్ కంటెయినర్ 4 సీపీయూ అడిగితే, అది ముగిశాక కూడా ఆ 4 పాడ్ బతికున్నన్నాళ్లూ రిజర్వే.

ఇప్పుడు మార్కులు. కిక్కిరిసి నింపాలంటే, నోడ్‌లోని ఖాళీని బట్టి మార్కులు వేసే నోడ్‌రిసోర్సెస్‌ఫిట్ ప్లగిన్‌లో పద్ధతిని మోస్ట్‌అలొకేటెడ్‌కి మార్చాలి. మార్చాక చాలామంది ‘ఏమీ తేడా రాలేదే’ అంటారు. కారణం బరువులు. ఈ ప్లగిన్ బరువు 1. పాడ్లను పరిచే పాడ్‌టోపాలజీస్ప్రెడ్ ప్లగిన్ బరువు 2. పైగా మీరు ఏమీ రాయకపోయినా అది సర్వీసుల పాడ్లకు తన డిఫాల్ట్ నియమాలు వర్తింపజేస్తుంది: పాడ్ల సంఖ్యలో నోడ్ల మధ్య తేడా 3, జోన్ల (విడివిడి డేటాసెంటర్ల) మధ్య 5 దాటకుండా చూడటం. నిండిన నోడ్‌కి 80, ఖాళీ నోడ్‌కి 20 వచ్చాయనుకోండి, మీ ఆధిక్యం 60. అవతల స్ప్రెడ్ ప్లగిన్ ఖాళీ నోడ్‌కి 50 ఎక్కువ వేస్తే అది రెండింతలై 100. మీ మార్పు ఓడిపోయింది. ఫిట్ ప్లగిన్ బరువు పెంచండి, లేదా స్ప్రెడ్ డిఫాల్ట్‌లను ఖాళీ జాబితాతో తీసేయండి. రెండోది చేస్తే, నిజంగా జోన్లలో పరచాల్సిన సర్వీసులకు నియమాన్ని వాటి స్పెక్‌లోనే (పాడ్ వివరాలు రాసే ఫైల్లో) రాయాలి. మరిచిపోతే మూడు రెప్లికాలూ (ఒకే సర్వీసు నకళ్లు) ఒకే నోడ్ మీదికి చేరొచ్చు.

సీపీయూ, మెమరీ నిష్పత్తి ఇంకో తలనొప్పి. సీపీయూ నిండిపోయి 20 జీబీ మెమరీ మిగిలితే ఆ మెమరీ ఎవరికీ పనికిరాదు. గూగుల్ తన సొంత క్లస్టర్ వ్యవస్థ బోర్గ్ మీద 2015లో ప్రచురించిన పేపర్ కూడా దీని గురించే చెప్పింది: ఇలా ఇరుక్కుపోయే వనరులను తగ్గించే మిశ్రమ మార్కుల పద్ధతితో, కిక్కిరిసి నింపే పద్ధతి కంటే 3 నుంచి 5 శాతం మెరుగ్గా సర్దగలిగారు. చిన్న క్లస్టర్లో అయితే నోడ్ రకాన్ని మార్చడమే సులువు.

ఒకసారి పెట్టిన పాడ్‌ని షెడ్యూలర్ మళ్లీ కదపదు. ఆ పని డీషెడ్యూలర్‌ది. అందులో, తక్కువ నిండిన నోడ్ల నుంచి పాడ్లను వెళ్లగొట్టే హైనోడ్‌యుటిలైజేషన్ వాడితే పక్కన మోస్ట్‌అలొకేటెడ్ ఉండి తీరాలి. లేదంటే ఖాళీ నోడ్ నుంచి వెళ్లగొట్టిన పాడ్ ఖాళీ ఎక్కువ కదా అని మళ్లీ అక్కడికే వస్తుంది, డీషెడ్యూలర్ మళ్లీ వెళ్లగొడుతుంది. ఒకేసారి ఎన్ని పాడ్లను ఆపవచ్చో హద్దు పెట్టే పాడ్ డిస్రప్షన్ బడ్జెట్లు లేకుండా దీన్ని ఆన్ చేయకండి.

క్లౌడ్ వాళ్లు నడిపే క్లస్టర్లలో అసలు షెడ్యూలర్ కాన్ఫిగ్ సాధారణంగా మన చేతిలో ఉండదు. రెండో షెడ్యూలర్‌ని వేరే పేరుతో నడిపి, పాడ్ స్పెక్‌లో ఆ పేరు రాస్తారు. రెండూ ఒకే నోడ్ల మీద పనిచేస్తే, ఒకే ఖాళీని రెండు షెడ్యూలర్లూ చెరో పాడ్‌కి ఇచ్చేసే ప్రమాదం ఉంది. అప్పుడు నోడ్ మీద పాడ్లను నడిపే కుబ్‌లెట్ రెండో పాడ్‌ని ‘అవుట్‌ఆఫ్‌సీపీయూ’ అని తిప్పికొడుతుంది. కొత్త షెడ్యూలర్‌కి టెయింట్‌తో (మిగతా పాడ్లను రానివ్వని గుర్తుతో) వేరే నోడ్‌పూల్ కేటాయిస్తే ఈ గొడవ రాదు.