ఒకే తప్పు, రెండు జవాబు పత్రాలు

మన కళాశాలలో రసాయన శాస్త్రం చదివినవారిని నిద్రలో లేపి లెక్కల్లో వాడే వాయు స్థిరాంకం (ఆర్) విలువ జౌళ్లలో ఎంత అని అడిగినా 8.314 అని తడుముకోకుండా చెబుతారు. 1987లో సంక్రాంతి సెలవులయ్యాక జరిగిన ప్రీ-ఫైనల్ పరీక్షలో నేను దానిని 8.134 అని వేశాను. నాతోపాటు బి.ఎస్సీ. చివరి సంవత్సరం చదువుతున్న ఒక మిత్రుడు కూడా సరిగ్గా అలాగే వేశాడు. పక్కపక్కనున్న రెండంకెలు తారుమారైన పాపానికి మా ఇద్దరి మీదా కాపీ కొట్టారన్న అభియోగం పడింది. గురువుల గురించి ఏదైనా రాయమని సంచిక సంపాదకులు కోరినప్పుడు, ఆ అభియోగాన్ని ఓపికగా విప్పి చూసిన గణితం మేడమ్ గారి గురించి తప్ప మరొకరి గురించి రాయాలని నాకు తోచలేదు.

లెక్క పెద్దదేమీ కాదు. ఉష్ణోగ్రత 300 కెల్విన్ నుంచి 310కి పెరిగితే ఒక రసాయన చర్య రేటు రెట్టింపవుతుంది, ఆ చర్య జరగడానికి కావలసిన ఉత్తేజన శక్తి ఎంత? ఉష్ణోగ్రతకూ చర్య రేటుకూ ఉన్న సంబంధం చెప్పే ఆర్హీనియస్ సమీకరణంలో విలువలు వేసి గుణించుకుంటూ పోతే 53.6 కిలోజౌళ్లు వస్తుంది. 8.134 వేస్తే 52.4 వస్తుంది. అయితే మాకు క్లాసులో ఆ పాఠం చెప్పిన సార్ పాత పద్ధతిలో కేలరీలలోనే చెప్పేవారు. ఆయన బోర్డు మీద వాయు స్థిరాంకం ఎప్పుడూ 1.987 కేలరీలే. కాబట్టి తరగతిలో దాదాపు అందరి జవాబూ 12.8 కిలోకేలరీలు. దిద్దుతున్న సార్‌కు జౌళ్లలో ఒక పత్రం, దాని వెనకే జౌళ్లలోనే మరొక పత్రం, రెండింటిలోనూ ఎక్కడా లేని 8.134, రెండింటి కిందా 52.4 కనిపించాయి. తాను చెప్పని ప్రమాణం, ఏ పుస్తకంలోనూ లేని విలువ, ఇద్దరికీ ఒకేలా ఎలా తట్టాయి? ఆయన అనుమానించడంలో అన్యాయం ఉందని నేను ఈనాటికీ అనను. ఆ అనుమానాన్ని ఆయన ఆ సాయంత్రానికే తీర్పుగా మార్చుకోవడమే అన్యాయం.

మరునాడు రెండో పీరియడ్ నడుస్తుండగా అటెండర్ వచ్చి, 'ప్రిన్సిపాల్ సాబ్ మీ ఇద్దరిని రమ్మంటున్నరు' అన్నాడు. లోపలికి వెళ్లేసరికి బల్ల మీద రెండు జవాబు పత్రాలు ఆ పేజీల దగ్గర తెరిచి ఉన్నాయి, వాటి పక్కనే టైపు చేసిన రెండు క్షమాపణ పత్రాలు కూడా సిద్ధంగా ఉన్నాయి. పరీక్షలో అక్రమానికి పాల్పడ్డామని, ఇకపై అలా చేయబోమని వాటి సారాంశం. సంతకం పెడితే చిన్న ఫైనుతో సరిపెడతామని, పెట్టకపోతే వార్షిక పరీక్షల హాల్ టికెట్లు ఆపి, టి.సి.లో నడవడి గడిని ఖాళీగా వదిలేయవలసి వస్తుందని అన్నారు. ఎవరు చూసి ఎవరు రాశారన్నది మాత్రం ఆ గదిలో ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న అడిగి ఉంటే అక్కడే చిక్కు వచ్చేది. గది తలుపుకు అంటించిన సీటింగ్ ప్లాన్ ప్రకారం నేను కిటికీ వైపు వరసలో మొదటి బెంచీలో, అతను తలుపు వైపు వరసలో చివరి బెంచీలో కూర్చున్నాం, మధ్యలో బి.కాం. వాళ్లున్నారు. ఆ మాట నేనే ఎత్తితే, ఇద్దరూ మంచినీళ్లకు బయటకు వెళ్లారు కదా, స్లిప్పు చేతులు మారి ఉంటుందని సార్ అన్నారు. మేము వెళ్లిన మాట నిజమే, వేర్వేరు సమయాలలో వెళ్లాం. దానికి సాక్ష్యం లేదు.

వరండాలోకి రాగానే నా మిత్రుడు, 'సంతకం పెట్టేద్దాం రా, పీడ విరగడైపోతుంది' అన్నాడు. అతని తండ్రి ఆర్టీసీలో కండక్టరు, ఇంట్లో పెద్ద కొడుకు ఇతనే, ఆ వేసవిలో ఏదో ఒక ఉద్యోగంలో చేరకపోతే ఇల్లు గడవని పరిస్థితి. హాల్ టికెట్ ఆగితే ఏడాది పోతుంది, సంతకం పెడితే ఫైనుతో పోతుంది. అతని లెక్కలో తప్పేమీ లేదు. తప్పు చేయనివాడు కూడా ఒప్పుకోలు పత్రం మీద సంతకం పెట్టడానికి ఎంత సులభంగా సిద్ధపడతాడో నేను అక్కడ కళ్లారా చూశాను. నేను పెట్టనన్నది ధైర్యం వల్ల కాదు. ఎం.ఎస్సీ.కి వెళ్లాలనుకుంటున్నవాడిని, ఆ కాగితం ఫైలులో ఉంటే రేపు ఎవరి చేతిలో పడుతుందోనన్న భయం వల్ల. మా ఇద్దరిలో ఒకరు సంతకం పెట్టి ఒకరు పెట్టకపోతే పెట్టినవాడి కాగితమే పెట్టనివాడికి ఉరితాడవుతుందని నచ్చజెప్పి అతన్ని ఆపాను.

మా తరఫున మాట్లాడినవారు లేకపోలేదు. ఫిజిక్స్ సార్ వెళ్లి, వీళ్లు బుద్ధిమంతులు, అలాంటి పని చేయరు అని చెప్పి వచ్చారు. 'బుద్ధిమంతులు కాపీ కొట్టరా సార్?' అని ప్రిన్సిపాల్ గారు తిరిగి అడిగారట. ఆ ప్రశ్నకు ఫిజిక్స్ సార్ దగ్గర జవాబు లేదు, నిజానికి ఎవరి దగ్గరా ఉండదు. మంచివాడన్న పేరు ఇలాంటి వేళ నాలుగు ఓదార్పు మాటలకు పనికివస్తుంది గానీ రుజువుకు పనికిరాదు. మార్కులు తక్కువ వచ్చేవాడో, పొగరుబోతని పేరున్నవాడో మా స్థానంలో ఉంటే ఆ ఓదార్పు కూడా దక్కేది కాదు.

మేము సంతకం పెట్టకపోవడంతో, నిబంధనల ప్రకారం ముగ్గురు అధ్యాపకులతో ఒక విచారణ సంఘం వేశారు. అందులో రసాయన శాస్త్రం నుంచి ఒకరు, కార్యాలయ వ్యవహారాలు చూసే వైస్ ప్రిన్సిపాల్ గారు, మూడోవారు గణితం మేడమ్. ఆమె మాకు పెద్దగా పరిచయం లేదు. ముక్కుసూటి మనిషి అని, మార్కులు వేయడంలో పిసినారి అని మాత్రం విన్నాం. మమ్మల్ని కూర్చోబెట్టి ఆమె మొదట అడిగింది, 'కాపీ కొట్టారా లేదా' అని కాదు. 'ఈ 8.134 మీకు ఎక్కడిది?' అని. ఇద్దరినీ విడివిడిగా, ఒకరు చెప్పేది మరొకరికి వినిపించకుండా అడిగింది. నారాయణగూడలో సాయంకాలం ట్యూషన్‌కు వెళ్తామని, అక్కడి మాస్టారి నోట్సులో అలాగే ఉందని ఇద్దరమూ చెప్పాం. ఆ నోట్సు తెమ్మంది.

తెచ్చి బల్ల మీద పెట్టిన ఆ జిరాక్స్ కాగితం నాకు ఇప్పటికీ గుర్తే. చేతిరాత నోట్సును చాలాసార్లు జిరాక్స్ తీయగా తీయగా అక్షరాలు బూడిదరంగులోకి దిగిపోయాయి, ఒక మూల మిర్చిబజ్జీ నూనె మరక. పేజీ మధ్యలో రెండు గీతల డబ్బాలో 'ఆర్ = 8.134 జౌళ్లు' అని, అదే పేజీలో ఒకటి పక్కన మూడు, దాని పక్కన నాలుగు, అనుమానానికి తావు లేకుండా. రసాయన శాస్త్రం సార్ ఆ కాగితం చూసి, ఇది ఇప్పుడు రాసి తెచ్చారేమో అన్నారు. మేడమ్ ఆయనతో వాదించలేదు. ఆ పరీక్ష రాసిన అన్ని సెక్షన్ల జవాబు పత్రాల బండిల్స్ తెప్పించి, ఈ ప్రశ్న దగ్గర ఎవరెవరు 52.4 రాశారో చూద్దామంది. మా ఇద్దరి పత్రాలే పట్టుకుని ఎంతసేపు చూసినా మా ఇద్దరి పోలికే కనిపిస్తుంది కదా! బండిల్స్ విప్పితే మరో ముగ్గురు దొరికారు. ఒకరు వేరే గదిలో రాసిన అమ్మాయి. ముగ్గురూ అదే ట్యూషన్. తప్పు ఒకటే కావడం మా రెండు పత్రాలకూ ఒకే మూలం ఉందని చెబుతోంది గానీ, ఒక పత్రం రెండో పత్రానికి మూలమని చెప్పడం లేదు. ఈ రెంటికీ మధ్య తేడా చూడగలిగిన మనిషి ఆ గదిలో ఆమె ఒక్కతే.

అంతటితో ఆపి ఉంటే కూడా మేము బయటపడేవాళ్లమేమో. కానీ ఆమె మా రెండు పత్రాలను పక్కపక్కన పెట్టి వరస వరసా చూసింది. నాకు లాగరిథమ్ పట్టికలంటే విసుగు, గుణకారాలన్నీ మార్జిన్‌లో చేత్తోనే చేసేవాడిని. సమీకరణం ప్రకారం 2.303ను 0.3010తో, దాన్ని 8.134తో, దాన్ని 9300తో గుణిస్తే నాకు 52,438 వచ్చింది. నా మిత్రుడు క్లార్క్స్ టేబుల్స్ తెరిచి, నాలుగు లాగరిథమ్‌లు కూడి, యాంటీలాగ్ తీశాడు. నాలుగు స్థానాల పట్టికలో చివరి అంకె ఎప్పుడూ కొంచెం సడలుతుంది కనుక అతనికి 52,440 వచ్చింది. చివరి మెట్టులో ఇద్దరమూ దాన్ని 52.4గా కుదించాం. దిద్దిన సార్ చూసింది డబ్బా గీసిన ఆ చివరి జవాబును. మేడమ్ చూసింది దానిపై వరసలో ఉన్న ఆ రెండు జౌళ్ల తేడాను. చూసి రాసేవాడు పక్కవాడి 52,438ని 52,438గానే దించుకుంటాడు, లాగరిథమ్‌లు వేసుకుని కొత్తగా 52,440 తెచ్చుకోడు. ఆమె ఆ మాటను మా ముందే, గొంతు పెంచకుండా చెప్పి, సంఘం నివేదికలో రాయించింది.

చాలా ఏళ్ల తర్వాత, నేను కూడా అధ్యాపకుడినై పరీక్షల బాధ్యతలు చూస్తున్న కాలంలో, ఈ విషయం మీద సుప్రీంకోర్టు ఏమందో వెతికి చదివాను. 1962లోనే ఉత్తరప్రదేశ్ హైస్కూల్, ఇంటర్మీడియట్ బోర్డు వ్యవహారాలలో రెండు తీర్పులు వచ్చాయి. అక్రమానికి పాల్పడ్డారని విద్యార్థి ఫలితాన్ని రద్దు చేసేముందు అతను చెప్పుకోవడానికి అవకాశం ఇచ్చి తీరాలని ఒక తీర్పు చెప్పింది. ఇద్దరు అభ్యర్థుల పత్రాలలో ఒకే రకమైన తప్పులు ఉండడాన్ని సాక్ష్యంగా తీసుకుని విచారణ చేసిన బోర్డు నిర్ణయాన్ని రెండో తీర్పు నిలబెట్టింది. ఈ రెంటినీ కలిపి చదివితే మా సార్ వైపు కూడా న్యాయం ఉన్నట్టే కనిపిస్తుంది. ఒకే తప్పు సాక్ష్యం కాగలదు. అయితే ఆ తప్పుకు నిందితుడు చెప్పే కారణాన్ని విని, దాన్ని పరీక్షించిన తర్వాతే అది నిలబడాలి. టైపు చేసిన క్షమాపణ పత్రం ముందే బల్ల మీద ఉన్నచోట ఎవరు ఏం విన్నట్టు?

సంఘం చివరకు 'ఆరోపణ రుజువు కాలేదు' అని రాసింది. మేము నిర్దోషులమని రాయమని నా మిత్రుడు పట్టుబట్టాడు గానీ కార్యాలయ భాషలో దానికి అర్థం అదేనని వైస్ ప్రిన్సిపాల్ గారు అన్నారు. హాల్ టికెట్లు వచ్చాయి. దిద్దిన సార్ ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. తరగతిలో మాత్రం పరీక్షలయ్యేదాకా మేము 'జిరాక్స్ బ్రదర్స్'మే. మేడమ్ గారికి కృతజ్ఞతలు చెప్పడానికి స్టాఫ్ రూముకు వెళితే, 'ముందు ఆ స్థిరాంకం సరిచేసుకోండి, అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో కూర్చుని అసలు పుస్తకం చదవండి' అని పంపించేసింది. మూసీ ఒడ్డున ఉన్న ఆ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో ఆ తర్వాత చాలా సాయంత్రాలు గడిపాం, ట్యూషన్ మానేశాం.

ఇప్పటి పిల్లల అవస్థ మా కంటే చిక్కైనది. వాళ్ల మీద అనుమానం మనిషికి కాక యంత్రానికి వస్తోంది. ఇతరుల రాతను తమదిగా చూపే రచనా చౌర్యం మీద యు.జి.సి. (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లో తెచ్చిన నిబంధనలు చదివితే, వాటిని రాసినవారు యాదృచ్ఛిక పోలికను మరిచిపోలేదని తెలుస్తుంది. పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు, వరసగా 14 పదాల వరకు సాధారణ ప్రయోగాలు కలిస్తే వాటిని లెక్కలోంచి తీసేయమన్నారు. కృత్రిమ మేధతో రాసిన వ్యాసమో కాదో చెబుతామనే పరికరాలకు మాత్రం ఇంకా అలాంటి నిలకడ రాలేదు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే తన గుర్తింపు పరికరాన్ని కచ్చితత్వం చాలడం లేదని 2023 జూలైలో వెనక్కి తీసుకుంది. అలాంటి పరికరం చూపిన శాతాన్ని చూసి విద్యార్థిని పిలిపించే అధ్యాపకుడు, అదే తరగతిలో మిగిలినవారి వ్యాసాలకు అది ఎంతెంత శాతం చూపిందో కూడా చూస్తే మా మేడమ్ చేసిన పనే చేసినట్టవుతుంది.

ఆ పద్ధతి నిందితుడిని విడిపించడానికే అని ఎవరైనా అనుకుంటారేమోనని ఒక సంగతి చెబుతాను. నేను విచారణ సంఘంలో ఉండగా ఇద్దరు విద్యార్థుల ప్రయోగశాల రికార్డులు వచ్చాయి. రెండింటిలో బ్యూరెట్ (ద్రవాన్ని కొలిచే గాజు గొట్టం) రీడింగులు ఒకటే, ఒక రీడింగు కొట్టేసి పైన దిద్దిన చోటు కూడా ఒకటే. మిగిలిన అందరి రికార్డులూ తెప్పించి చూశాం, ఆ అంకెలు మరెక్కడా లేవు. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి, కొట్టేసిన ఆ రీడింగు ఎలా వచ్చిందని అడిగాం. ఒక కుర్రాడు బ్యూరెట్ మూతి దగ్గర గాలిబుడగ ఉండిపోయిందని, మళ్లీ నింపి తీశానని వెంటనే చెప్పాడు. రెండోవాడు చాలాసేపు తల దించుకుని, ఆ రోజు తాను ల్యాబ్‌కే రాలేదు సార్ అన్నాడు.