రేపు రమ్మంటారా?

జూన్ 16, సోమవారం

బడి తెరిచాక ఇది మూడో పనిదినం. నేను వెళ్లేసరికి అటెండర్ అన్న వరండా ఊడ్చి, నా బల్ల తుడిచి, వేపచెట్టుకు వేలాడే రైలుపట్టా ముక్క దగ్గర నిలబడి గడియారం చూస్తున్నాడు. ఆఫీసు గడప అవతల నలుగురు నిలుచున్నారు. లోపల కుర్చీలున్నా ఎవరూ వచ్చి కూర్చోరు. ఈ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జూనియర్ అసిస్టెంటుగా చేరిన 2006 నుంచీ చూస్తున్నాను, ఆ గడప దగ్గర జనం కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి.

నేను సంచి కూడా కింద పెట్టలేదు. ముందు నిలుచున్న ఆమె అడిగింది: "మేడమ్, రేపు రమ్మంటారా?"

ఏ పని మీద వచ్చిందో ఇంకా చెప్పనేలేదు. ఎన్ని ఆఫీసుల్లో ఎన్నిసార్లు ఆ జవాబు విని ఉంటుందో! నేనూ ఎంతమందికి ఆ మాట చెప్పి ఉంటానో. నాకు అది ఒట్టి నోటి మాట. కూలికి వెళ్లే మనిషికి ఒక రోజు కూలి, రెండు బస్సు చార్జీలు. రోజంతా ఆ ప్రశ్న నా వెంటే ఉంది.

ఆమెకు ఆరు, ఏడు తరగతుల బోనఫైడ్, అంటే ఇక్కడ చదివినట్టు ధ్రువపత్రం, కావాలి. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటోంది. తెలంగాణలో ఉద్యోగాలకు ఎవరు స్థానికులో తేల్చడానికి 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చూస్తారు. అందులో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడి స్థానికులు. అంతకు ముందు నాలుగు నుంచి పది వరకు అడిగేవారు. ఈమె తల్లిదండ్రులు పనికోసం వేరే జిల్లాకు వలస వెళ్లడంతో మూడో తరగతి దాకా అక్కడే చదివింది. నాలుగు, అయిదు ఈ ఊరి ప్రాథమిక పాఠశాలలో. మిగిలిన రెండేళ్లు మా దగ్గర. మా కాగితం లేకపోతే ఆమె సొంత జిల్లాలోనే స్థానికేతరురాలు.

అడ్మిషన్ నంబరు గుర్తులేదంది. 2004లో చేరానని మాత్రం చెప్పింది. బీరువా అడుగు అరలోంచి పాత రిజిస్టరు తీశాను. అట్ట ఊడి చేతికొచ్చింది. ఒక మూల చెదలు తిన్నది. భయపడుతూనే పేజీలు తిప్పాను. పేరు దొరికింది. నీలి సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, ఒక్క కొట్టివేత లేకుండా ఉంది. నాకంటే ముందు ఈ కుర్చీలో కూర్చున్న పెద్దాయన రాసింది. నేను ఆయన్ని చూసింది రెండుసార్లే, చార్జి అప్పగించిన రోజున, ఆ తర్వాత ఒక పెళ్లిలో. ఇరవై ఒక్క ఏళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆయన తొందరపడకుండా రాసిన ఒక్క వరుస ఈ రోజు ఈమెను నిలబెట్టింది. దండం పెట్టుకోవాలనిపించింది.

కానీ సంతకం పెట్టాల్సిన ప్రధానోపాధ్యాయులు మండల కేంద్రంలో సమావేశంలో ఉన్నారు. అంటే సరిగ్గా "రేపు రండి" అనాల్సిన చోటు. నా నోరు తెరుచుకునేలోపే అటెండర్ అన్న, "తపాలా ఇవ్వడానికి ఎలాగూ అటే వెళ్తున్నాను, కాగితం ఇవ్వండి మేడమ్" అన్నాడు. ముద్ర మాత్రం బీరువా దాటకూడదు కాబట్టి, సంతకం చేయించి తిరిగి తెచ్చాడు. పన్నెండున్నరకు ముద్ర వేసి ఇచ్చాను. ఆమె రెండు చేతులతో అందుకుని, చాలాసేపు తన పేరు చదువుకుంది.

ఆ తర్వాత ఆరో తరగతి చేరికలు. ప్రాథమిక పాఠశాల ఇచ్చిన రికార్డు షీటులో ఒక పాప పుట్టిన తేదీ వేరు, ఆధార్‌లో జనవరి ఒకటో తేదీ. తేదీ తెలియని పిల్లలకు అప్పట్లో అలా వేసేశారు. విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు రుజువు లేదని పిల్లను వెనక్కి పంపకూడదు, చేర్చుకున్నాం. కానీ ఈ తేడా ఇప్పుడే సరిచేయకపోతే బడుల వివరాలు ఎక్కించే యూ-డైస్‌లో ఒక తేదీ, ఆధార్‌లో ఒక తేదీ అయి, విద్యార్థికిచ్చే గుర్తింపు సంఖ్య అపార్ దగ్గర ఆగిపోతుంది. పంచాయతీలో జనన ధ్రువపత్రం ఎలా అడగాలో తల్లికి చీటీ మీద రాసిచ్చాను.

పేరు దగ్గర ఇంకాస్త ఆగాను. 'లక్ష్మి'ని ఇంగ్లీషులో 'కె' తో రాయాలా, 'ఎక్స్' తో రాయాలా? తల్లికి తెలియదు, పాపకూ తెలియదు. ఇద్దరూ నా వైపే చూశారు. 2011లో ఇలాంటి చోటే అడగకుండా నాకు తోచినట్టు రాశాను. ఆ అమ్మాయి పదో తరగతి మెమోలో అదే అచ్చయింది. సవరణ కోసం మా బడి నుంచి ప్రభుత్వ పరీక్షల విభాగం దాకా ప్రతిపాదన వెళ్లాల్సి వచ్చింది. ఆ పిల్ల తండ్రి ఎన్నిసార్లు తిరిగాడో నాకు తెలుసు. ఒక్క మాట కూడా అనలేదాయన. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అందుకే ఈ రోజు పాప చేత ఆధార్ కార్డులోని అక్షరాలు ఒక్కొక్కటిగా పైకి చదివించి, అవే రాశాను.

మధ్యాహ్నమంతా జీతాల బిల్లు, ఒక సారు ఇంక్రిమెంటు. చెప్పుకోదగ్గదేమీ లేదు.

పక్క ఊరి ఉన్నత పాఠశాలలో నాలాంటి జూనియర్ అసిస్టెంటు పోస్టు ఖాళీ. అక్కడ లెక్కల సారే టీసీలు రాస్తూ, నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా) కోసం పదో తరగతి పిల్లల పుట్టుమచ్చలు వెతికి నమోదు చేస్తాడు. ఆయన రాయడం కాదు నా బాధ, ఆ గంటల్లో పిల్లలకు లెక్కలు ఎవరు చెబుతారు? ఆఫీసు సిబ్బందిని అదనపు ఖర్చుగా లెక్కవేసేవారు ఒక్క జూన్ నెల ఈ గడప దగ్గర నిలబడి చూడాలని నా కోరిక.

సాయంత్రం గంట కొట్టాక అటెండర్ అన్న గోనెసంచులు కుట్టే దబ్బనం, పురికొస తెచ్చాడు. ఊడిన అట్టను అతను బిగించి పట్టుకున్నాడు, నేను కుట్టాను. సగమయ్యేసరికి చీకటి పడింది. చెదలు తిన్న మూలకు వేపాకు సరిపోదు, మందు కొనాలి. మిగతా సగం రేపు, బిల్లు ముట్టుకోకముందే.