నాణెం దొర్లిపోయింది

ఫ్లోరెన్స్‌లో శాన్ లొరెంజో చర్చికి వెళ్లి ముప్పావుగంట నేల చూస్తూనే తిరిగాను. చూసినవాళ్లు ఏదో పారేసుకున్నాడనుకుని ఉంటారు. నేను వెతుకుతున్నది ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి సమాధి. 1647లో, 39 ఏళ్లకే పోతే ఆయన్ని ఇక్కడే ఖననం చేశారు. ఊరినేలిన మెడిచీ కుటుంబం సమాధులు కనిపించాయి కానీ ఈయన పేరు నాకెక్కడా కనబడలేదు. అక్కడున్న పెద్దాయన్ని అడిగితే నవ్వి, శిల్పి దొనాతెల్లో సమాధికి దారి చూపించాడు.

మనకి టోరిచెల్లి అంటే ఫిజిక్స్ పాఠంలో పాదరసం గొట్టమే. నా పిచ్చి మాత్రం ఆయన 1641లో కనిపెట్టిన బూర మీద. అతిపరావలయాన్ని, అంటే అక్షానికి దగ్గరవుతూ ఎప్పటికీ తాకని వంపుని, ఆ అక్షం చుట్టూ తిప్పితే, సన్నబడుతూ ఎంత దూరమైనా పోయే బూర వస్తుంది. పొడవుకి అంతు లేదు, ఘనపరిమాణానికి ఉంది! మూతి దగ్గర మీటరు వ్యాసార్థంతో, మూతికి మీటరు వెనక నుంచి కొలిచిన దూరం రెట్టింపైతే వ్యాసార్థం సగమయ్యేలా చేస్తే దాదాపు 3,142 లీటర్లు చాలు. 5,000 లీటర్ల ట్యాంకర్ తెప్పిస్తే ఇంకా నీళ్లు మిగులుతాయి. కాలిక్యులస్ పుట్టకముందు మాట ఇది.

ఆర్నో ఒడ్డున గెలీలియో మ్యూజియంలో సైక్లాయిడ్ గాడి చూశాం. దొర్లే చక్రం అంచు మీది చుక్క గీసే వంపు అది. దాని కింది వైశాల్యం కోసం గెలీలియో ఆ ఆకారాన్ని కత్తిరించి తూకం వేశాడు. ఆ చక్రపు వృత్తానికి ఇంచుమించు మూడు రెట్లు తూగింది కానీ ఆయనకి నమ్మకం కుదరలేదు. సరిగ్గా మూడు రెట్లేనని 1644లో టోరిచెల్లి నిరూపణ అచ్చేశాడు. ఫ్రాన్సులో రోబెర్వాల్ అనే గణితజ్ఞుడు అది నాదే అన్నాడు, ఆ గొడవ వేరు.

మర్నాడు బొలోన్యా రైలెక్కాం. గణితజ్ఞుడు కవలియేరి పాఠాలు చెప్పిన ఊరు. ఘనాన్ని పుస్తకంలో కాగితాల్లా, సమతల ఆకారాన్ని బట్టలో పోగుల్లా, కానీ మందం లేని పొరలుగా చూడమన్నాడాయన. మా అమ్మాయికి చూపిద్దామని బల్ల మీద తొమ్మిది నాణేలు పేర్చి, వేలితో పక్కకి నెట్టాను. దొంతర వాలింది.

"లోహం తగ్గిందా?" అన్నాను.

"లేదు. కానీ నాన్నా, నాణేనికి మందముంది. నీ పొరలకి లేదంటున్నావు. మందం లేనివి ఎన్ని పేర్చినా ఎత్తెలా వస్తుంది?"

ఆ రోజుల్లో గుల్దిన్ అనే జెసూట్ క్రైస్తవ సన్యాసి కవలియేరిని నిలదీసిందీ ఇలాగే. నేను గొంతు సవరించుకునేలోగా రైలు సొరంగంలో దూరింది, నాణెమొకటి జారి సీట్ల మధ్య దొర్లుకుంటూ పోయింది.

"సైక్లాయిడ్!" అంటూ మా అమ్మాయి దాని వెనక పరిగెత్తింది.